రేకుల కింద లెక్క

ఫిబ్రవరి 16

ఈ డైరీని పంపుల కంపెనీ ఏజెంటు జనవరిలోనే ఇచ్చాడు. ప్రతి పేజీ కింద ఒక మోటారు బొమ్మ. నెలన్నరగా బిల్లులు ఎగిరిపోకుండా బల్ల మీద బరువుగా పడుంది. ఈరోజు ఎందుకో తెరిచాను. ఎందుకో ఏముంది, నీలిమ మీద కోపం వచ్చి. బిడ్డ మీద కోపం ఎవరికి చెప్పుకోను? మనోరమకు చెబుదామంటే ఆమె ఎప్పుడూ బిడ్డ వైపే.

నీలిమ వికారాబాద్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. ఆదివారం కదా అని పొద్దుటి రైలుకు వచ్చింది. వచ్చిన మనిషి ఇంటికి పోవాలా, నేరుగా షాపుకొచ్చి తల పైకెత్తి రేకులు చూసింది.

"నాయినా, ఎండలు ముదరకముందే షెడ్డుకు ఇన్సులేషన్ చేయించు."

నాకు నవ్వు ఆగలేదు. తాండూరులో ముప్పై ఏళ్ళుగా మోటార్ వైండింగ్ చేస్తున్నవాడికి ఇన్సులేషన్ గురించి చెప్పడానికి వచ్చింది! కాలిన మోటారు విప్పుతాం, మాడిన తీగ పీకేస్తాం, లోపలి గాడుల్లో కాగితం పరిచి దాని మీద కొత్త రాగితీగ కూర్చోబెడతాం. ఆ కాగితమే ఇన్సులేషన్. ఇనుముకూ తీగకూ మధ్య అడ్డం. అది లేని మోటారు గంట కూడా నిలవదు.

"గింత పెద్ద షెడ్డుకు ఏం కాగితం ఏస్తరే?" అన్నాను.

"నవ్వకు నాయినా. పోయిన మే నెలల అమ్మ పడ్డది యాదుందా?"

పడలేదు. కళ్ళు తిరిగి కూర్చుంది. ఆ రోజు ఆమె పొద్దున ఏమీ తినలేదు. అప్పుడే చెప్పాను, ఇప్పుడూ రాస్తున్నాను.

పోయేముందు సంచిలోంచి ఒక థర్మామీటరు తీసి, వాళ్ళమ్మ కూర్చునే పీట పైన గోడకు తగిలించింది. ఎంత పట్టుదల ఈ పిల్లకి! అదీ నా పోలికే అంటుంది మనోరమ.

ఫిబ్రవరి 17

ఈ రేకుల సంగతి నీలిమకు తెలియదు. తెలిసినా పుస్తకంలో చదివినట్టే తెలుసు.

బొంరాస్‌పేట నుంచి ఐటీఐ సర్టిఫికెటు, రెండు పానాలు, ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని ఈ ఊరికి వచ్చాను. నాలుగు గోడలు దొరికాయి, పైకప్పు లేదు. అప్పుడు బాలప్ప సేటు తన బండల పాలిష్ యూనిట్‌కు కొత్త కప్పు వేయిస్తున్నాడు. రోజూ ఎండలో పని చేస్తున్న నన్ను చూసి, "ఇగో, పాత రేకులు తీస్కపో రా" అన్నాడు. ఇరవై రెండు రేకులు. పైసా తీసుకోలేదు. బిగించడానికి తన మనుషులనే పంపాడు.

ఈ రేకుల కింద సంపాదనతోనే ఇల్లు కట్టాను, బిడ్డను చదివించాను, పెళ్ళి చేశాను. దసరా నాడు పానాలకు, గ్రైండరుకు బొట్టు పెట్టాక, నిచ్చెన వేసుకుని ఒక రేకుకు కూడా బొట్టు పెడతాను. బజారంతా నవ్వుతుంది. నవ్వనీ. అన్నం పెట్టినవాటిని పట్టుకుని వేడి అని ఎట్లా అంటాను?

మార్చి 2

తల వాచిపోయింది. ఇది నా తెలివే కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు.

నీలిమ ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, సరే, పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటి చూపిస్తాను చూడు అనుకున్నాను. కందులు కొట్టేసిన చేలల్లో కందికట్టె ఊరికే పడి ఉంటుంది. ట్రాక్టరు నిండా తెప్పించి రేకుల మీద మందంగా పరిపించాను. నిజంగానే లోపల జర చల్లబడింది. మనోరమ కూడా "మంచిగనే ఉన్నది" అంది. నా ఛాతీ రెండింతలైంది.

కట్టెకు ఇంకా అక్కడక్కడా కాయలున్నాయని నేను చూడలేదు. కోతులు చూశాయి.

నిన్న పొద్దున ఏడింటికి మొదలైంది. ముందు నాలుగు, తర్వాత నలభై. రేకుల మీద దూకుడు, కొట్లాట, కాయలు ఒలుచుకు తినడం. షాపులో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. ఎదుటి హోటలువాడు చాయ్ పంపుతూ, "మహేందరన్నా, మీ రేకుల మీద పెండ్లి అయితున్నదా?" అని అడిగించాడు. మనోరమ నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఈరోజు కూలి ఇచ్చి మరీ కట్టె దింపించాను.

ఆమె అట్లా నవ్వి చాలా రోజులైంది. ఆ కూలి డబ్బులు దండగ కాదనుకుంటున్నాను.

మార్చి 19

యాసంగి వరి పొట్టకొచ్చింది. బోర్లలో నీళ్ళు అడుగంటుతున్నాయి. మోటార్లు వరసగా కాలుతున్నాయి. దేవుడి దయవల్ల చేతినిండా పని. రైతు కష్టం మా పని కావడం ఏం న్యాయమో! అందుకే ఎవరి మోటారూ రెండో రోజుకు ఉంచను.

విప్పడం, బిగించడం నాది. తీగ చుట్టడం మనోరమది. అచ్చులాంటి చెక్క ఫర్మాకు చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది. కుడి చేత్తో తిప్పుతుంది, ఎడమ చేతి వేళ్ళ మధ్య నుంచి తీగ వదులుతుంది, నోటితో చుట్లు లెక్కపెడుతుంది. ఒక చుట్టు తగ్గినా పెరిగినా మోటారు సరిగ్గా తిరగదు. ఆమెది సేడం దగ్గర పల్లె, కన్నడ మాటల్లో పెరిగిన మనిషి. నాతో తెలుగే, గిరాకీతో తెలుగే, కోపం వచ్చినా తెలుగే. లెక్క మాత్రం కన్నడం. ఒందు, ఎరడు, మూరు, నాల్కు. పెళ్ళైన కొత్తలో ఎందుకని అడిగితే, "లెక్క నేర్పినోళ్ళు గట్ల నేర్పిన్రు" అంది.

నాకు ఆ గొంతు రేడియో కింద లెక్క. నా చేతులు పానా తిప్పుతుంటాయి, చెవి అటే ఉంటుంది. ఇన్నేళ్ళలో లెక్క తప్పలేదు. వానాకాలం ఒక్కటే ఇబ్బంది. రేకుల మీద చప్పుడుకు ఏమీ వినపడదు. ఆమె పెదవులు కదులుతుంటాయి, అంతే. ఆ కాసేపూ షాపులో ఒక్కణ్ణే ఉన్నట్టుంటుంది.

ఏప్రిల్ 5

చిట్టీ ఎత్తాను. డెబ్బై వేలు. హైదరాబాద్‌లో తీగ చుట్టే మిషను చూసి వచ్చాను, అరవై ఐదు చెప్పాడు. బటన్ నొక్కితే ఎన్ని చుట్లంటే అన్ని, నంబరు దానంతట అదే ఎర్రగా పడుతుంది. మనోరమ హాయిగా ఇంట్లో ఫ్యాను కింద ఉండొచ్చు.

షెడ్డు సంగతి కూడా కనుక్కున్నాను, అడగలేదని నీలిమ అనకుండా. రేకుల కింద వెండి రంగు పొర ఉన్న షీటు, మధ్యన జానెడు ఖాళీ, పైన తెల్ల పెయింటు. అన్నీ కలిపి యాభై రెండు వేలు. వైండింగ్ షాపుకు పైకప్పు సింగారం ఎందుకు? మిషనైతే సంపాదించి పెడుతుంది. కప్పు ఏం సంపాదిస్తుంది?

మనోరమకు మిషను ఫోటో చూపించాను. కాసేపు చూసి ఫోను తిరిగి ఇచ్చింది. నచ్చినట్టుంది.

ఏప్రిల్ 11

థర్మామీటరు పీట పైన ఉంటే వచ్చినవాళ్ళంతా "అబ్బో నలభై మూడు" అని గోల చేస్తున్నారు. గిరాకీ భయపడితే ఎట్లా? తీసి తడిగుడ్డ చుట్టిన నీళ్ళ రంజన్ పక్కన గోడకు పెట్టాను. అక్కడైతే అందరూ నీళ్ళు తాగుతూ చూసుకోవచ్చు.

ఏప్రిల్ 12

ముప్పై ఆరు. చూశావా నీలిమా.

ఏప్రిల్ 20

ముప్పై ఆరున్నర. అందరూ ఊరికే భయపెడతారు.

ఏప్రిల్ 26

బొంరాస్‌పేట బాల్‌రాజ్ మోటారు తెచ్చాడు. మా పొలం పక్క పొలం వాళ్ళదే, చిన్నప్పటి నుంచి ఎరుక. వరి ఈనుతోందట, ఇంకో నాలుగు తడులు పారితే చాలట. గుమ్మంలోనే నిలబడి, "అన్నా, సాయంత్రానికి ఇయ్యి, నీ కాల్మొక్త" అన్నాడు. ఇచ్చాను. మధ్యాహ్నం ఎండ బాగానే ఉంది. ఒక కాయిల్ చుట్టాక మనోరమ మళ్ళీ చుడతానంది. ఎందుకు, బాగానే ఉంది, నడువు నడువు అన్నాను. బాల్‌రాజ్ సంతోషంగా పోయాడు.

మే 3

బాల్‌రాజ్ మోటారు కాలి తిరిగి వచ్చింది. సరిగ్గా వారం. వోల్టేజీ బాగా లేదు ఆ ఊళ్ళో, అదే చెప్పాను. ఇంకొకడైతే గల్లా పట్టేవాడు. అతను "అయితే కరెంటోళ్ళను అడుగుత" అని తలవంచుకుని పోయాడు. మంచి మనిషి. అతని కోసం వేరే మోటారు ఒకటి బదులు ఇచ్చి పంపాను.

వోల్టేజీయే.

మే 4

మనోరమ గుడికి పోయినప్పుడు విప్పాను. మాడిన కాయిల్ కోసి చుట్లు లెక్కపెట్టాను. నలభై రెండు ఉండాలి. ముప్పై ఎనిమిది ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.

తీగ ముక్కలు పాత సామాను సంచిలో అడుగున పడేశాను. ఆమెకు చెప్పను. ఇన్నేళ్ళ పేరు. మిషను ఉంటే ఈ బాధే ఉండదు. ఈ వారంలో అడ్వాన్సు పంపాలి.

మే 6

పడిపోయింది.

మే 8, వికారాబాద్

నీలిమ ఇంట్లో రాస్తున్నాను. మనోరమ లోపల పడుకుంది. ఇప్పుడు బాగానే ఉంది. దేవుడా, నీకు వెయ్యి దండాలు.

మొన్న మధ్యాహ్నం రెండున్నరకు. నేను బేరింగు కొడుతున్నాను. ఇప్పత్తు దాకా వినపడింది, అంటే ఇరవై. ఆ తర్వాత వినపడలేదు. తల తిప్పి చూస్తే ఫర్మా మీద చెయ్యి అట్లాగే ఉంది, మనిషి పక్కకు ఒరిగిపోయి ఉంది. ఒళ్ళు పొయ్యి మీది పెనంలా కాలుతోంది. చెమట లేదు. పిలిస్తే పలకలేదు. ఎదుటి హోటలువాడు తన కుండలోని నీళ్ళన్నీ తెచ్చి ఆమె మీద పోశాడు. నేను పేరు పెట్టి అరవడం తప్ప ఏం చేశానో నాకు గుర్తు లేదు. ముందు తాండూరులో చూపించాం. సెలైన్ ఎక్కించారు. రాత్రంతా అక్కడే ఉంచి, మర్నాడు నీలిమ వచ్చి ఇక్కడికి తెచ్చుకుంది.

తాండూరు డాక్టరమ్మ ఆ రాత్రే నన్ను పక్కకు పిలిచి, "ఇంకో అరగంట ఆలస్యం అయ్యుంటే నేను చేసేదేం లేకుండె. పోయినేడు కూడా పడ్డదట గదా?" అంది.

అవునన్నాను. కళ్ళు తిరిగి కూర్చుంది అనలేదు. పడింది. పోయినేడూ పడింది.

మే 9, వికారాబాద్

మనోరమ దగ్గర కూర్చుని ధైర్యం చెబుదామని, "ఇగ నువ్వు షాపుకు రావద్దు. మిషిన్ తెస్త. ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. అటే చూస్తూ అంది.

"నన్ను ఇంట్ల కూసోవెట్టి మిషిన్‌ను తెచ్చుకుంటవా? నేనేం జేసిన?"

"అయ్యో, నీ మంచికే గదా."

"ముప్పై ఏండ్లు నీ పక్కన కూసున్న. ఇంట్ల ఒక్కదాన్నే గోడలు జూసుకుంట కూసునుడు నా మంచా? పనికి నేనెన్నడన్న ఏడ్సిన్నా? ఆ ఎండకు తట్టుకోలేక పోతున్న, అంతే."

ఆమే మళ్ళీ అంది. "బాల్‌రాజ్ మోటర్ల లెక్క తప్పిన. నాకు ఎరికనే. ముప్పై దాటినంక కండ్లకు చీకట్లొచ్చినయి. మళ్ల సుడ్త అన్న. నువ్వే నడువు నడువు అన్నవ్."

ఇరవై ఆరో తేదీ పేజీ తిప్పి చూశాను. అట్లాగే రాసి ఉంది. నా చేత్తో నేనే రాశాను, చదవడం మాత్రం చదవలేదు.

"రైతులతోని రోజు జెప్తవ్ గద," అంది చివరికి, కొంచెం నవ్వుతూనే, "కాగితం కాడ కక్కుర్తి పడితె తీగ కాలుతదని. నీ షెడ్డు సంగతి ఏందయ్యా మరి?"

ఏడుపొచ్చింది. బిడ్డ చూస్తుందని వరండాలోకి పోయాను. బిడ్డ అక్కడే ఉంది.

మే 12

షాపు తెరిచాను. ఒక్కణ్ణే. థర్మామీటరు రంజన్ పక్క నుంచి తీసి పాత చోటుకే పెట్టాను. ఆమె పీట మీద కూర్చుని ఫర్మా తిప్పాను. రెండింటికి నలభై ఆరు. రంజన్ దగ్గరి ముప్పై ఆరుకూ దీనికీ మధ్య పది డిగ్రీలు ఉన్నాయి. ఆ పదీ నేనే దాచాను. ఎవరి నుంచి దాచానో!

నా పని గుమ్మం దగ్గర, గాలి తగులుతుంది. ఆమె పీట లోపల మూలకు, రేకు తలకు చేరువగా దిగే చోట. ఆ చోటు నేనే చూపించాను, తీగ మీద దుమ్ము పడదని. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అక్కడ కూర్చోలేదు.

పదిహేను చుట్లకే నాకు లెక్క తప్పింది.

మే 14

బాలప్ప సేటు ఇంటికి పోయాను. ఎనభై దాటాయి, చెవులు మందం, మాట మాత్రం అదే జోరు. రేకుల కింద వేరే కప్పు వేయిస్తున్నానని, పైన రంగు పూయిస్తున్నానని, ఆయన ఏమనుకుంటాడోనని నసుగుతూ చెప్పాను.

"ఏ రేకులు రా?"

"మీరిచ్చినయి సేటు. ఇరవై రెండు."

ఆయనకు గుర్తే లేదు. వాళ్ళ కోడలు శాంతవ్వ చెవిలో గట్టిగా చెబితే అప్పుడు పగలబడి నవ్వాడు. "అవి ఇంక ఉన్నయా? అరే మహేందర్, నేను రేకులిచ్చింది నువ్వు ఎండల కూసోవద్దని రా. ఇంటామెను కూసోవెట్టి మాడగొట్టుమన్ననా? ఏం మనిషివి రా నువ్వు!"

చాయ్ తాగించి, మామిడిపళ్ళు సంచిలో వేసి పంపాడు. తిట్లు తిని ఇంత తేలికపడటం నాకు ఇదే మొదలు.

మే 16

బొంరాస్‌పేట పోయాను. బాల్‌రాజ్ పొలం గట్టు మీదే దొరికాడు. వోల్టేజీ కాదు, తప్పు మాదేనని చెప్పాను. లెక్క తప్పింది, తొందరపెట్టింది నేను, అబద్ధం చెప్పింది కూడా నేను అన్నాను. తిడతాడనుకుని నిలబడ్డాను.

"వదినె మంచిగున్నదా?" అన్నాడు.

ఉందన్నాను. బదులిచ్చిన మోటారుతో మడి నిలబడింది, గింజ పాలు పోసుకుంది. అతని మోటారు మళ్ళీ చుట్టి ఊరికే ఇస్తానన్నాను. "వదినె వచ్చినంకనే సుట్టుమను. తొందర లేదు," అన్నాడు. ఇట్లాంటి మనుషుల మధ్య పుట్టినందుకు నేనేం పుణ్యం చేశానో.

మే 21

మిషను వాడికి వద్దని ఫోన్ చేశాను. పని మొదలైంది. థర్మోకోల్ చవక అన్నారు కానీ వద్దన్నాను. ఇక్కడ సోల్డరింగు, వార్నిషు, నిప్పు రవ్వ పడితే అంతే సంగతులు. యాభై రెండు అన్నది యాభై ఆరు అయింది, వెనక గోడకు పైన గాలి పోవడానికి రెండు కంతలు కూడా కొట్టించాను కాబట్టి. నీలిమ ఫోనులోనే అన్నీ అడిగి, చెప్పి, నన్ను పరీక్ష రాసే పిల్లవాణ్ణి చేసింది. "ఖాళీ జానెడు ఉన్నదా నాయినా? కొలిచినవా?" కొలిచాను తల్లీ.

లాభనష్టాలు ఒకసారి రాసి చూద్దామని కూర్చున్నాను. నష్టం వైపు అన్నీ రాశాను, మిషను కూడా రాశాను. లాభం వైపు ఒక పేరు రాశాక ఇంక రాయడానికి ఏమీ తోచలేదు.

మే 27

రోహిణి కార్తె. బయట నిప్పులు. పీట దగ్గర ముప్పై ఏడు. రంజన్ దగ్గర కాదు, పీట దగ్గర.

జూన్ 2

మనోరమ వచ్చింది. గుమ్మంలో నిలబడి పైకి చూసింది. వెండి రంగు కప్పు చూసి, "పెండ్లి పందిరి లెక్కున్నది. ఇగ కోతులను పిలుస్తవా?" అంది. పీట మూలన లేదని చూసి వెతికింది. గుమ్మం పక్కకు, నా పక్కకు జరిపాను. దుమ్ము పడకుండా తీగకు గుడ్డ కప్పుకోవచ్చు, ఇంతకాలం తోచలేదంతే.

డాక్టరమ్మ పొద్దున మూడు గంటలు చాలంది. ఆ మూడు గంటల్లో బాల్‌రాజ్ మోటారే ముందు పట్టుకుంది. నేను నడువు నడువు అనలేదు. ఒక కాయిల్ విప్పి మళ్ళీ చుట్టింది.

దసరాకు ఈసారి నిచ్చెన వేయను. రేకులు ఏమీ అనుకోవు. బొట్టు ఆ పీటకు.

జూన్ 8

మృగశిర నాడే వాన. పదకొండింటికి ఒక్కసారిగా చీకటి కమ్మి, గాలి దుమారం, ఆ వెంటనే పెద్ద పెద్ద చినుకులు. అలవాటుగా భుజాలు బిగించి చప్పుడు కోసం ఎదురుచూశాను. రాలేదు. పైన ఎక్కడో దూరంగా, పక్క వీధిలో ఎవరో జొన్నలు చెరుగుతున్నట్టు ఉంది, అంతే.

ఆ కింద మనోరమ గొంతు, ముప్పై ఎనిమిది దగ్గర. మూవత్తెంటు, మూవత్తొంబత్తు, నలవత్తు.

పానా కింద పెట్టేశాను. నలవత్తొందు. నలవత్తెరడు, నలభై రెండు. తీగ తెంపి ముడి వేసి తలెత్తింది.

"ఏందయ్యా అట్ల జూస్తున్నవ్? తప్పిన్నా?"

"లేదు. సరిగ్గున్నది. ఇంకోటి సుట్టు."

మళ్ళీ మొదలుపెట్టింది. బయట వాన జోరుగా పడుతోంది. పెళ్ళైన ఇన్నేళ్ళకు, వానలో ఆమె లెక్క నాకు వినపడటం ఈరోజే.